దయ్యమును అపవాదియు: చిత్తూరు సీమలో క్రైస్తవుల దుష్టాత్మవిచారము

బడులలో బాలురకు ప్రకృతివికృతులు నేర్పునపుడు 'దైవము' ప్రకృతి యనియు, 'దయ్యము' దానికి వికృతి యనియు చెప్పుచుందుము. బాలుడు తన యూరి చింతచెట్టు మీది దయ్యమును తలచికొని, గుడిలోని దైవమునకు ఇది వికృతి యెట్లయ్యెనని తెల్లబోవును. ఆ బాలుని సందేహము కొట్టివేయదగినది కాదు. ప్రాచీన కవుల ప్రయోగములలో దయ్యమనగా దేవుడు, లేదా విధి. పిశాచార్థము దానికి క్రమముగా పట్టినది. ఇట్టి పతనము మన మాటకు మాత్రమే కలిగినదియు కాదు. గ్రీకుల 'దైమోన్' శబ్దము హోమరు కావ్యములలో దేవతలకు చెల్లినది. సోక్రటీసు తన్ను తప్పుపని నుండి వారించు అంతర్వాణిని తచ్ఛబ్దభవమైన పేరితోనే వ్యవహరించెను. క్రైస్తవ సువార్తలు వెలువడునాటికి అదియే మనుష్యుని పట్టి పీడించు దుష్టభూతమునకు పేరై నిలిచెను. మన 'దేవ' శబ్దమునకు సోదరమైన పారసీక శబ్దము అవెస్తా గ్రంథమున అసురార్థమును పొందిన సంగతి పండితులెరిగినదే. ఒక జాతి దేవుడు మరియొక జాతి నోట దయ్యమగుట శబ్దచరిత్రలో తరచుగా కనబడు విషయము.

క్రైస్తవమతము మన సీమకు వచ్చినపుడు దాని బోధకులకు ఈ శబ్దచరిత్రతో ప్రత్యక్షముగా పని పడినది. తమ గ్రంథములలోని శత్రువునకు తెలుగున ఏ పేరు పెట్టవలెను? పేరు పెట్టుట యనగా ఆ శత్రువు ఎచట నుండునో చెప్పుట. పొరుగువాని గుడిలోననా, ఊరి వెలుపలి చెట్టు మీదనా, వినువాని హృదయమునందేనా? ఈ ప్రశ్నకు పుంగనూరు నుండి తిరుపతి వరకు గల ప్రదేశమున రెండు శతాబ్దులలో రెండు విధముల ఉత్తరములు కలిగినవి. ఆ రెంటిలో రెండవదే మేలైనదని నా యభిప్రాయము. కారణములు ముందు చెప్పెదను.

మొదటి యుత్తరము జెస్యూటు గురువులది. 18వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెస్యూటులు కర్ణాటక మిషనను పేర పని మొదలిడి, పాళెగారుల యేలుబడిలో నున్న పుంగనూరును తమ తొలి స్థానములలో నొకటిగా చేసికొనిరి. మొదుయీ, బూషే, లా ఫొంతేను అనువారు ఆ కార్యమున ముఖ్యులు. వీరు కావివస్త్రములు కట్టి, మాంసము మాని, సన్న్యాసుల రీతిని మెలగిరి. తాము పరంగులమని తెలిసినచో తమ మాట వినువారుండరని వీరికి గట్టిగా తెలియును. అయినను ఆ వార్త వీరిని వెన్నాడుచునే యుండెను. దాసరులతో వీరికి కలిగిన తగవుల వృత్తాంతములు వీరి లేఖలలో విస్తారముగా నున్నవి.

వీరిలో మిషనునకు పెద్దయైన బూషే (1655–1732) వ్రాసిన లేఖ యొకటి మన విషయమునకు మిక్కిలి ఉపకరించును. దాని పుట్టుక తెలిసికొనుటకు కొంతసేపు ఐరోపాకు పోవలెను. పూర్వము గ్రీకుదేశపు దేవాలయములలో పలికిన భవిష్యద్వాణులు దయ్యముల పలుకులు కావనియు, పూజారుల కపటములనియు వాన్ డాలె యను డచ్చి వైద్యుడు 1683లో ఒక గ్రంథము వ్రాసెను. ఫొంతెనెల్ దానిని ఫ్రెంచిలో రసవంతముగా తిరిగి వ్రాసి లోకమున వ్యాపింపజేసెను. క్రీస్తు రాకతో దయ్యముల నోళ్లు మూతపడినవని ప్రాచీన క్రైస్తవాచార్యులు చెప్పిన దానికి ఇది విరుద్ధము. కావున బాల్ట్యూ యను జెస్యూటు 1707లో ఖండనగ్రంథమును ప్రకటించెను. ఆ బాల్ట్యూకు బూషే మన దేశము నుండి జాబు వ్రాసి సాక్ష్యము పంపెను. గ్రీకుల కాలముతో పనిలేదనియు, ఈ దేశమున దయ్యములు నేడును పలుకుచున్నవనియు, బోలువిగ్రహములలో పూజారి దాగియుండుట కాక నలుగురి యెదుట బ్రతికియున్న మనుష్యుని మీద పూనకము వచ్చుచున్నదనియు, క్రైస్తవులున్న చోట ఆ పూనకము నిలిచిపోవుచున్నదనియు ఆ జాబు సారాంశము.

చూచితిరా! పారిస్ పండితుల వాదమునకు మన పల్లెల సోదెకత్తెయు గణాచారియు సాక్షులైరి. బూషే అబద్ధమాడెనని నేననను. పూనకమును ఆయన కన్నులార చూచియుండును. దానిని కపటమని కొట్టివేయకుండుట ఒక విధముగా గౌరవించుటయే. కాని ఆ పూనకము పూనినవారికి తల్లి. ఆయనకు మాత్రము నరకదూత. రెంటికిని మధ్య మరియొక యర్థమునకు ఆయన తావీయలేదు.

దీనికి ఆయన చదివిన గ్రంథపాఠమే ముఖ్యకారణమని తోచుచున్నది. కీర్తనలలో హీబ్రూ లెక్కకు 96వది, లాటిను లెక్కకు 95వది యైన దాని 5వ చరణమున అన్యజనుల దేవతలను గూర్చి యొక మాట కలదు. హీబ్రూ మూలమున ఆ మాట 'ఎలీలీమ్'. వ్యర్థములు, సారము లేనివి అని యర్థము. క్రీస్తునకు పూర్వము గ్రీకులోనికి మార్చినవారు దానిని 'దైమోనియా' యనిరి. ఆ గ్రీకుపాఠము ననుసరించిన లాటినుపాఠము అదే మాటను నిలిపెను. ఆ కాలమున రోమను గురువులు నిత్యము వల్లించుచుండినది ఆ లాటినుపాఠమే. కావున అన్యదేవతలెల్ల దయ్యములే యని బూషేకు పల్లెను చూడకమునుపే తెలియును. తరువాత హీబ్రూ నుండి నేరుగా తెలిగించిన ప్రొటెస్టెంటు బైబిలున ఆ చోట దయ్యముల ప్రసక్తియే లేదు. ఉత్తవిగ్రహములను మాట మాత్రమున్నది. అదియు మనకు ప్రియమైన మాట కాదు, నిజమే. కాని లేనిదానిని పూజించుచున్నావనుటకును, నరకదూతను పూజించుచున్నావనుటకును ఎంతో భేదము కలదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయమున దయ్యముల మాట మరల వచ్చుచుండుటచే ప్రొటెస్టెంటులకును ఆ దారి పూర్తిగా మూసికొనలేదు. వారి కరపత్రములలో పరుషవాక్యములకు కొదువ లేదు.

ఇక రెండవ యుత్తరము. బెంజమిన్ షుల్ట్జె 1732 నాటికి బైబిలును తెలిగించెను గాని అది అచ్చుపడలేదు. ఆయన తెలిగించిన లూథరు చిన్న ప్రశ్నోత్తరి మాత్రము 1746లో జర్మనీలోని హాలే నగరమున ముద్రితమైనది. విశాఖపట్టణమున పనిచేసిన దెగ్రాంజి ప్రభృతుల సువార్తలు 1812లో శ్రీరామపురమున, క్రొత్తనిబంధన 1818లోను, సంపూర్ణగ్రంథము 1854లో చెన్నపట్టణమునను వెలువడినవి. తరువాతి సంస్కరణసంఘమునకు 1873 మొదలు 1894 వరకు అధ్యక్షుడుగా నున్న జేకబ్ చేంబర్లేన్ (1835–1908) మదనపల్లె నివాసి. ఆ యూరు అప్పుడు కడప మండలములోనిది. 1911లో చిత్తూరు మండలము ఏర్పడినపుడు అందు చేర్చబడెను. ఆయన అమెరికా రిఫార్మ్డు సంఘమువారి ఆర్కాటు మిషనునకు చెందినవాడు, వైద్యుడు కూడ. ఆ మిషను 1853లో స్థాపితమై చిత్తూరును తన తొలి స్థానములలో చేర్చుకొనెను. హెర్మన్స్‌బర్గు లూథరను మిషనువారు 1865 తరువాత నాయుడుపేట మొదలుకొని కాళహస్తి, తిరుపతుల వరకు వ్యాపించిరి; వారి పరంపరలో నేర్పడిన దక్షిణాంధ్ర లూథరను సంఘమునకు తిరుపతియే కేంద్రము.

ఈ పరంపరలో స్థిరపడిన తెలుగు బైబిలున దుష్టశక్తికి ఒక పేరు కాదు, మూడు పేర్లు. హీబ్రూ 'సాతాన్' సాతానుగనే నిలిచెను. మనుష్యులను పట్టునవి దయ్యములు. గ్రీకు 'దియాబొలొస్' మాత్రము 'అపవాది' యయ్యెను. పొరుగున నున్న అరవ బైబిలున పట్టునదియు శోధించునదియు రెండును 'పిశాచు' శబ్దముననే చెప్పబడినవి. ఆర్కాటు మిషను అరవమునను తెలుగునను పనిచేసినది గనుక ఒకే మిషను నీడలో ఈ రెండు వ్యవహారములు సాగినవి. అరవవాడు పిశాచమని చదువు చోట తెలుగువాడు అపవాది యని చదివెను.

అపవాది యనుట ఎంత తగిన పరివర్తనమో యోచింపుడు. 'దియాబొలొస్' అనగా కొండెములు చెప్పువాడు, నిందమోపువాడు. మన అపవాదశబ్దమునకును నింద యనియే యర్థము. 'సాతాన్' శబ్దమునకు మూలార్థము ప్రతిపక్షి, అభియోక్త. యోబు గ్రంథమున సాతాను కొమ్ములతోను తోకతోను రాడు. దేవుని సభలో నిలిచి, యోబు భక్తి కూలికి చేయు భక్తి యని నింద మోపును. జెకర్యా 3వ అధ్యాయమున యాజకుని కుడిప్రక్కన నిలిచి నేరము మోపువాడును వాడే. అపవాది యనగానే వ్యాకరణము చదివిన పంతులుగారికి ఉత్సర్గాపవాదములు స్ఫురించి, ఏ సూత్రమునకు అపవాదమని యడుగబోవుదురేమో! కాని సామాన్యునికి నిందార్థమే తోచును, అదియే అనువాదకులకు కావలసినది.

ఈ పేరివలన దుష్టశక్తి చెట్టు దిగి మాటలోనికి వచ్చినది. దానిని ఎదిరించు విధమును మారినది. దయ్యమునకు మంత్రము, తాయెత్తు, వేపమండ కలవు. అపవాదికి అవి పనికిరావు. యాకోబు పత్రిక 4వ అధ్యాయమున అపవాదిని ఎదిరింపుమనుటకు ముందు దేవునికి లోబడుమని చెప్పబడినది. ఎఫెసీయుల పత్రిక 6వ అధ్యాయమున వర్ణింపబడిన సర్వాంగకవచమును పరికింపుడు: నడికట్టు సత్యము, మైమరువు నీతి, డాలు విశ్వాసము, శిరస్త్రాణము రక్షణ, పాదరక్షలును సమాధానమును గూర్చినవే. ఖడ్గమొక్కటి తక్క అన్నియు కాచికొనుటకేగాని కొట్టుటకు కావు. పైగా ఈ పోరు రక్తమాంసములు గల మనుష్యులతో కాదని అచటనే స్పష్టముగా నున్నది. యూదా వ్రాసిన చిన్న పత్రికలో మరియొక విశేషము కలదు. మోషే శరీరమును గూర్చి అపవాదితో వాదించిన ప్రధానదూతయైన మిఖాయేలు వానిని సైతము దూషింప సాహసింపలేదట! నిందించువానిని నిందించినచో తానును అపవాదియే యగును గదా. పొరుగువాని దేవతను దయ్యమని దూషించుటకు ఈ వాక్యమే నా దృష్టిలో గొప్ప అడ్డు. దీనిని నాటి బోధకులు తగినంతగా మననము చేసినట్లు కనబడదు.

తిరుపతి లూథరనులకు 1529 నాటి లూథరు ప్రశ్నోత్తరియు, మదనపల్లె వారి మాతృసంఘమునకు 1563 నాటి హైడెల్బర్గు ప్రశ్నోత్తరియు ప్రమాణములు. ఇతరవిషయములలో విభేదించు ఈ రెండును ప్రభుప్రార్థనలోని శోధనను వివరించునపుడు శత్రువులు ముగ్గురని ఏకకంఠముగా చెప్పును: అపవాది, లోకము, మన శరీరస్వభావము. మూడవ శత్రువును గూర్చి మన పండితులకు వివరింప బనిలేదు. అరిషడ్వర్గమును చిన్ననాటనే వల్లించితిమి. ఆ ప్రార్థన చివరి మాటలోనే మరియొక చిక్కు కలదు. గ్రీకుమూలమున 'పొనేరూ' అను షష్ఠ్యంతరూపము పుంలింగమునకును నపుంసకమునకును ఒక్కటే. దుష్టుని నుండి యనవచ్చును, కీడు నుండి యనవచ్చును. 1611 నాటి ఆంగ్లపాఠము కీడనగా 1881 నాటి సంస్కరణము దుష్టుడనినది. తెలుగున గ్రంథపాఠమున దుష్టుడును, భక్తుల నోట తరచుగా కీడును వినబడుచున్నవి.

ఇచట వైష్ణవక్షేత్రవాసులకు సహజముగా ఒక పోలిక తోచును. తిరుమలలో బంగారువాకిలి ముందు జయవిజయులు నిలిచియున్నారు. హరికి మూడు జన్మములు పగవారై పుట్టి, ఆ పగ ద్వారముననే మరల స్వస్థానమును చేరిన ద్వారపాలకులు వారు. క్రైస్తవుల సాతానును పడిపోయిన దూతయే యని వారి సంప్రదాయము. కాని వానికి తిరుగుదారి లేదు. 3వ శతాబ్దివాడైన ఓరిగెన్ సర్వజీవులును తుదకు దేవుని చేరుదురని చెప్పగా, ఆ మతము 6వ శతాబ్దిలో దూష్యమని నిర్ణయింపబడెను. ఇక తిరుపతి గంగమ్మ జాతరలో కీడు దూతయు కాదు, భూతమును కాదు. స్త్రీలను చెరపట్టిన పాళెగాడు. అతనిని వెదకుటకై తల్లి పూటకొక వేషము వేసినదని కథ. బూషే చూచిన పూనకములకు వెనుక ఇట్టి న్యాయాపేక్ష యుండవచ్చునని ఆయనకు తోచలేదు.

దయ్యమను మాట అపవాది వచ్చినంత మాత్రమున తొలగిపోలేదు. దయ్యము పట్టినదని తెచ్చిన వారికొరకు ప్రార్థించుట ఈ సీమ సంఘములలో సాగుచునే యున్నది. సువార్తలలో దానికి ఆధారము పుష్కలముగా కలదు. కాని మత్తయి 4వ అధ్యాయపు చివర క్రీస్తు యొద్దకు తేబడిన వారి పట్టికలో దయ్యము పట్టినవారు వేరు, పక్షవాతరోగులు వేరు, 'చాంద్రరోగులు' వేరు. ఈ చివరిమాట గ్రీకుశబ్దమునకు సరియైన ప్రతిబింబము. మూర్ఛరోగము చంద్రుని వృద్ధిక్షయములను బట్టి వచ్చునని యవనులు తలచిరి. అదే సువార్త 17వ అధ్యాయమున ఒక తండ్రి తన కుమారుడు చాంద్రరోగి యని మొరపెట్టుకొనగా, క్రీస్తు గద్దించినది దయ్యమును. స్వస్థత పొందినది బాలుడు. సంస్కర్తలు ఆ రెండు మాటలలో దేనిని మార్చకయే యుంచిరి.