రాజమండ్రి అప్పీలు ఎక్కిన మెట్లు

1802లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టులు పెట్టింది. వాటి తీర్పు నచ్చనివారి కోసం నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు నెలకొల్పింది. రాజమండ్రి ఉన్న ఉత్తర సర్కారులకు ఆ కోర్టు మచిలీపట్నంలో ఉండేది. రాజమండ్రి కక్షిదారు ముందు అక్కడికి, ఆపైన మద్రాసులోని కంపెనీ అత్యున్నత కోర్టు సదర్ అదాలత్‌కు వెళ్లాలి. పెద్ద దావా అయితే కాగితాలు ఓడెక్కి లండన్ ప్రివీ కౌన్సిల్‌కు చేరేవి.

1843లో ప్రొవిన్షియల్ కోర్టులు రద్దయ్యాయి. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చి సదర్ అదాలత్ స్థానాన్ని తీసుకుంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, 1954 జూలైలో గుంటూరులో హైకోర్టు వెలిసింది. తొలి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1966లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. హైకోర్టు 1956లో హైదరాబాదుకు మారింది. రాష్ట్ర విభజన తర్వాత 2019 జనవరి 1న విడిగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు అమరావతిలో నడుస్తోంది.

ఈ అప్పీలు మెట్లు అమెరికాలో మరోలా ఉంటాయి. అక్కడ ఫెడరల్ కోర్టులు, రాష్ట్ర కోర్టులు రెండు వేర్వేరు వరుసలు. ఫెడరల్ వరుసలో 1891లో సర్క్యూట్ అప్పీలు కోర్టులు పుట్టాయి. మన దగ్గర వరుస ఒక్కటే. కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా రాజమండ్రి జిల్లా కోర్టు తీర్పుపై అప్పీలు రాష్ట్ర హైకోర్టుకే వెళుతుంది. అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే సివిల్ కేసుల్లో హైకోర్టు ధ్రువపత్రం కావాలి, లేదా 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతి దొరకాలి.