పాత గోవా గంటగోపురం

పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చికి వచ్చే యాత్రికుల చూపు మొదట గంటగోపురంపైనే నిలుస్తుంది. 1602లో పూర్తయిన ఈ చర్చికి నాలుగు గోపురాలుండేవి. లాటరైటు రాతితో సుమారు 46 మీటర్ల ఎత్తున కట్టిన వాటిలో నేడు మిగిలినది ఒక్కటే, అదీ సగమే. 1835లో పోర్చుగీసు ప్రభుత్వం మఠాలను రద్దు చేయగా అగస్టీనియన్ సన్యాసులు వెళ్ళిపోయారు. 1842లో కప్పు కూలింది. 1871లో గంట పణజి చర్చికి చేరింది. 1931లో గోపురపు ముందుభాగం నేలకొరిగింది.

గైడ్లు ఈ సంవత్సరాలను వరుసగా అప్పగిస్తారు. అయితే ఆగి వినవలసిన కథ గోపురానిది కాదు. దాని చెంతనున్న మఠపు సభామందిర శిథిలాలది. మతం మార్చుకొననందుకు 1624లో పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ ఆజ్ఞతో చిత్రవధకు గురైన జార్జియా రాణి కెతెవాన్ అస్థికలు కొన్నింటిని ఈ సన్యాసులే గోవాకు తెచ్చి, ఆ మందిరంలో ఒక కిటికీ వద్ద రాతిపేటికలో భద్రపరచినట్లు పాత పోర్చుగీసు పత్రాలు తెలుపుతున్నాయి. కప్పు, గోడలు కూలిన చోట ఆ కిటికీని గుర్తించడమే కష్టమైంది.

ఈ శతాబ్దారంభంలో పురావస్తుశాఖ తవ్వకాలలో ఒక చేతి ఎముక లభించింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తల్లినుండి సంతతికి సంక్రమించే జన్యుపదార్థాన్ని దానిలో పరీక్షించారు. ఆ రకం భారతీయులలో కనబడనిది, జార్జియన్లలో ఉన్నది. ఎముక రాణిదేననుటకు ఇది బలమైన ఆధారం. అక్కడే దొరికిన మరి రెండు ఎముకలలో మాత్రం ఈ దేశపు రకాలే కనిపించాయి. 2021 జులైలో భారత విదేశాంగమంత్రి రాణి అస్థికను జార్జియాకు అప్పగించారు.