యూనిట్ 14: విద్యా, సాంస్కృతిక బహిష్కరణ – ఇజ్రాయెల్–పాలస్తీనా వివాదంలో అధ్యాపకులు, కళాకారులు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తర్వాత మీరు:
• విద్యా, సాంస్కృతిక బహిష్కరణ అనే భావనను, దానికి దక్షిణాఫ్రికాలో ఉన్న పూర్వ చరిత్రను వివరించగలుగుతారు.
• 2002 నుంచి ఈ ఉద్యమంలో వచ్చిన ముఖ్య ఘట్టాలను కాలక్రమంలో తెలుపగలుగుతారు.
• సమర్థకుల వాదనలను, విమర్శకుల వాదనలను బేరీజు వేసి మీ సొంత అభిప్రాయాన్ని ఆధారాలతో చెప్పగలుగుతారు.

14.1 పరిచయం

1948, 1967 యుద్ధాల గురించి, ఓస్లో ఒప్పందాల గురించి మీరు ఇంతకుముందు యూనిట్లలో చదివారు. అక్కడ ప్రధాన పాత్ర ప్రభుత్వాలది, సైన్యాలది. ఈ యూనిట్‌లో మీకు కనిపించేవారు వేరు. వీరు అధ్యాపకులు, శాస్త్రవేత్తలు, గాయకులు, నటులు. వీరి చేతిలో ఆయుధాలు లేవు, అధికారం లేదు. ఆహ్వానం వచ్చినప్పుడు వెళ్లాలా, మానాలా అనే నిర్ణయం ఒక్కటే వీరి చేతిలో ఉంది.

బహిష్కరణ మనకు కొత్త మాట కాదు. 1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో ఒక భూస్వామి ఏజెంటుగా ఉన్న కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్‌ను కౌలుదార్లు, కూలీలు వెలివేశారు. ఆయన పేరే ఇంగ్లీషులో ఈ చర్యకు పేరయింది. స్వదేశీ ఉద్యమంలో విదేశీ వస్త్రాలను, 1920 సహాయ నిరాకరణలో ప్రభుత్వ విద్యాలయాలను మన వాళ్లు బహిష్కరించారు. అయితే గుడ్డకు బదులు మరో గుడ్డ దొరుకుతుంది. ఇద్దరు పండితుల మధ్య ఆగిపోయిన సంభాషణకు బదులేమిటి? జ్ఞానాన్ని, కళను కూడా సరుకుల్లాగే బహిష్కరించవచ్చా? ఈ యూనిట్ అంతటా మీరు మనసులో ఉంచుకోవలసిన ప్రశ్న ఇదే.

14.2 దక్షిణాఫ్రికా పూర్వానుభవం

పాలస్తీనా ఉద్యమకారులు తమకు ఆదర్శమని చెప్పేది దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై సాగిన ప్రపంచవ్యాప్త బహిష్కరణ. అందులో భారతదేశానిది తొలి అడుగు. 1946లోనే మన దేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానుకుంది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు చేరి కూడా, ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా కావడంతో భారత జట్టు ఆడలేదు, కప్పు వదులుకుంది.

విద్యారంగంలో 1965లో బ్రిటన్‌కు చెందిన 496 మంది విశ్వవిద్యాలయ అధ్యాపకులు, వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు స్వీకరించబోమని ప్రకటించారు. 1980 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సాంస్కృతిక, విద్యా సంబంధాలు తెంచుకోవాలని తీర్మానించింది. 1986లో సౌతాంప్టన్‌లో జరిగిన ప్రపంచ పురావస్తు మహాసభకు దక్షిణాఫ్రికా పండితులను రానివ్వలేదు. దీనిపై ఆ రంగం రెండుగా చీలిపోయింది. అదే ఏడాది ఐర్లండ్ రచయిత కోనార్ క్రూజ్ ఓబ్రియన్ బహిష్కరణను కాదని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలకు వెళ్లగా, విద్యార్థులు వాటిని అడ్డుకున్నారు.

ఈ అనుభవం నుంచి ఒక చిక్కు బయటపడింది. వర్ణవివక్షను లోపలి నుంచే ఎదిరిస్తున్న అధ్యాపకులు కూడా బయటి ప్రపంచానికి దూరమయ్యారు. అందుకే 1980ల చివర ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సంపూర్ణ బహిష్కరణ నుంచి ఎంపిక చేసిన బహిష్కరణ వైపు మళ్లింది. ఈ చిక్కు మనకు మళ్లీ ఎదురవుతుంది.

14.3 2002 నాటి లేఖ

అరబ్ లీగ్ 1945లోనే పాలస్తీనాలోని యూదుల సరుకులపై బహిష్కరణ ప్రకటించింది. అది ప్రభుత్వాల నిర్ణయం. మనం చర్చిస్తున్న పౌర ఉద్యమం రెండో ఇంతిఫాదా కాలంలో మొదలైంది. 2002 మార్చిలో నెతన్యా పట్టణంలోని హోటల్‌లో పాసోవర్ విందు వేళ జరిగిన ఆత్మాహుతి దాడిలో 30 మంది మరణించారు. వెంటనే ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్ బ్యాంక్ నగరాల్లోకి పెద్దఎత్తున ప్రవేశించింది.

ఆ సమయంలో, ఏప్రిల్ 6న, బ్రిటన్ పత్రిక గార్డియన్‌లో ఒక లేఖ వచ్చింది. దాన్ని ముందుకు తెచ్చినవారు స్టీవెన్ రోజ్, హిలరీ రోజ్ దంపతులు. ఇజ్రాయెల్ శాంతి చర్చలకు సిద్ధపడేవరకు ఆ దేశ సంస్థలకు యూరప్ ఇచ్చే పరిశోధన నిధులను నిలిపివేయాలని అందులో కోరారు. యూదు కుటుంబంలో పుట్టిన స్టీవెన్ రోజ్ బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో జీవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు. మీలాంటి దూరవిద్య విద్యార్థులకు పాఠాలు రాసిన వ్యక్తి అన్నమాట.

కొద్ది నెలలకే పాత చిక్కు ఎదురైంది. మాంచెస్టర్‌లో అనువాద అధ్యయనాల ఆచార్యురాలైన మోనా బేకర్ తన పత్రికల సంపాదక, సలహా మండళ్ల నుంచి ఇద్దరు ఇజ్రాయెలీ పండితులను తొలగించారు. వారు గిడియన్ టూరీ, మిరియం ష్లెసింగర్. తాను వ్యక్తులను కాదు, వారి సంస్థలను బహిష్కరిస్తున్నానని బేకర్ చెప్పారు. అయితే ష్లెసింగర్ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఇజ్రాయెల్ శాఖకు అధ్యక్షురాలిగా పనిచేసిన మనిషి, తన ప్రభుత్వాన్ని విమర్శించిన మనిషి. సంస్థకూ వ్యక్తికీ మధ్య గీత కాగితం మీద గీసినంత సులువుగా ఆచరణలో గీయలేమని ఈ ఉదంతం చూపింది.

14.4 పాలస్తీనీయుల పిలుపు

2004 వరకు ఈ మాట ఎక్కువగా బయటివారి నోటి నుంచే వచ్చింది. ఆ ఏడాది రమల్లాలో పాలస్తీనా విద్యా, సాంస్కృతిక బహిష్కరణ సంస్థ ఏర్పడింది. 2005 జూలై 9న 170కి పైగా పాలస్తీనా పౌర సంఘాలు బీడీఎస్ పేరుతో బహిష్కరణ, పెట్టుబడుల ఉపసంహరణ, ఆంక్షలకు పిలుపునిచ్చాయి. ఆ తేదీకి ఒక అర్థముంది. సరిగ్గా ఏడాది ముందు అదే రోజున అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ కడుతున్న గోడ చట్టవిరుద్ధమని సలహాపూర్వక అభిప్రాయం చెప్పింది. పిలుపులోని డిమాండ్లు మూడు:

1. ఆక్రమణను ముగించి గోడను తొలగించాలి.
2. ఇజ్రాయెల్‌లోని అరబ్ పౌరులకు పూర్తి సమానత్వం ఇవ్వాలి.
3. ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం ప్రకారం శరణార్థుల తిరిగివచ్చే హక్కును గౌరవించాలి.

మూడో డిమాండ్ దగ్గరే తీవ్రమైన విభేదం ఉంది. శరణార్థులందరూ తిరిగివస్తే ఇజ్రాయెల్ యూదు రాజ్యంగా మిగలదని విమర్శకులు అంటారు. అది అంతర్జాతీయ చట్టం ఇచ్చిన హక్కని సమర్థకులు అంటారు.

విశ్వవిద్యాలయాలనే ఎందుకు లక్ష్యం చేసుకున్నారు? పాలస్తీనీయుల సమాధానంలో సొంత అనుభవం ఉంది. వెస్ట్ బ్యాంక్‌లోని బీర్‌జైత్ విశ్వవిద్యాలయాన్ని ఇజ్రాయెల్ సైన్యం 1988 జనవరి నుంచి 1992 ఏప్రిల్ వరకు మూసివేసింది. తరగతులు ఇళ్లలో నడుపుకోవలసి వచ్చింది. నాలుగేళ్లు తరగతి గది తలుపు తెరవనివ్వకపోతే విద్యా స్వేచ్ఛ ఎవరికి ఉన్నట్లు అని వారు అడుగుతారు. పైగా ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాలు సైన్యానికి అవసరమైన పరిశోధనలు చేస్తూ ఆక్రమణకు తోడ్పడుతున్నాయని ఆరోపిస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఎ) 2005 పిలుపులోని మూడు డిమాండ్లేవి?
బి) మోనా బేకర్ ఉదంతం లేవనెత్తిన ప్రశ్న ఏమిటి?

14.5 బ్రిటన్ అధ్యాపక సంఘం: ముప్పై నాలుగు రోజుల నిర్ణయం

2005 ఏప్రిల్ 22న బ్రిటన్ విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం హైఫా, బార్ ఇలాన్ విశ్వవిద్యాలయాలను బహిష్కరిస్తూ తీర్మానించింది. 1948 ఘటనలపై జరిగిన పరిశోధన వివాదంలో చరిత్రకారుడు ఇలాన్ పాపేను వేధించారన్నది హైఫాపై ఆరోపణ. దీన్ని ఆ విశ్వవిద్యాలయం ఖండించింది. వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్ అయిన అరియెల్‌లోని కళాశాలతో సంబంధాలున్నాయన్నది బార్ ఇలాన్‌పై ఆరోపణ.

వ్యతిరేకత వెల్లువెత్తింది. దానిలో ఆశ్చర్యం కలిగించే గొంతు జెరూసలేంలోని అల్ ఖుద్స్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు సారీ నుసైబేది. ఆయన పాలస్తీనా తత్త్వవేత్త. ఇజ్రాయెల్ సమాజంలో శాంతిని కోరేవారు ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు కాబట్టి ఆ వంతెనను కూల్చవద్దని ఆయన వాదించారు. మే 26న ప్రత్యేక సమావేశం తీర్మానాన్ని రద్దు చేసింది. 2007లో కొత్తగా ఏర్పడిన విశ్వవిద్యాలయ, కళాశాలల సంఘం ఈ చర్చను మళ్లీ ఎత్తుకుంది. బహిష్కరణ వివక్ష నిరోధక చట్టాలకు విరుద్ధమవుతుందని న్యాయసలహా రావడంతో అదీ ఆగింది.

14.6 వేదిక మీది నిర్ణయాలు

కళాకారుల విషయంలో నిర్ణయం సంఘానిది కాదు, ఒక్కొక్కరిది. 2010లో ఎల్విస్ కాస్టెల్లో ఇజ్రాయెల్‌లో తన కచేరీలు రద్దు చేసుకున్నారు. అదే ఏడాది అరియెల్‌లో కట్టిన కొత్త సాంస్కృతిక కేంద్రంలో ప్రదర్శించబోమని ఇజ్రాయెల్ నాటకరంగ ప్రముఖులు డజన్ల మంది ప్రకటించారు. వీరు తమ దేశాన్ని కాక, సెటిల్‌మెంట్‌ను మాత్రమే బహిష్కరించారు. 2013లో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, ఇజ్రాయెల్ అధ్యక్షుడు షిమోన్ పెరెస్ నిర్వహిస్తున్న సదస్సుకు వెళ్లడం మానుకున్నారు.

2017లో రెండు రకాల సమాధానాలూ వచ్చాయి. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటూ వంటివారు వద్దని కోరినా రేడియోహెడ్ బృందం జూలైలో టెల్ అవీవ్‌లో పాడింది. ఒక దేశంలో పాడటం ఆ ప్రభుత్వాన్ని సమర్థించడం కాదని గాయకుడు థామ్ యార్క్ అన్నారు. డిసెంబర్‌లో న్యూజిలాండ్ గాయని లార్డ్ తన కచేరీని రద్దు చేసుకున్నారు.

మరో దారి కూడా ఉంది. పాలస్తీనా మేధావి ఎడ్వర్డ్ సయీద్, యూదు సంగీతకారుడు డేనియల్ బారెన్‌బోయిమ్ 1999లో ఇజ్రాయెల్, అరబ్ దేశాల యువ వాద్యకారులతో వెస్ట్–ఈస్టర్న్ దివాన్ బృందాన్ని ఏర్పరచారు. ఇలా కలిసి వాయించడం అసమానతను కప్పిపుచ్చుతుందని బహిష్కరణవాదులు దీన్నీ విమర్శించారు.

14.7 అమెరికాలో ఓట్లు, దేశాల్లో చట్టాలు

2013 డిసెంబర్‌లో అమెరికన్ స్టడీస్ అసోసియేషన్‌లో 1,252 మంది ఓటు వేయగా, దాదాపు 66 శాతం బహిష్కరణను సమర్థించారు. అదే నెలలో పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ సెటిల్‌మెంట్ సరుకుల బహిష్కరణను సమర్థిస్తానని, ఇజ్రాయెల్ మొత్తం బహిష్కరణను కాదని చెప్పారు. అమెరికన్ ఆంత్రపాలజికల్ అసోసియేషన్‌లో 2016లో ఇలాంటి తీర్మానం 39 ఓట్ల తేడాతో ఓడిపోయింది. 2023లో 71 శాతంతో నెగ్గింది.

ప్రభుత్వాలూ ఊరుకోలేదు. బహిష్కరణకు పిలుపునిచ్చేవారిపై దావాకు వీలు కల్పిస్తూ ఇజ్రాయెల్ 2011లో చట్టం చేసింది. బీడీఎస్ వాదనలు, పద్ధతులు యూదు వ్యతిరేకమైనవని జర్మనీ పార్లమెంటు 2019లో తీర్మానించింది. మరోవైపు, సరుకుల బహిష్కరణకు పిలుపునిచ్చిన ఫ్రెంచి కార్యకర్తలను శిక్షించడం భావప్రకటన స్వేచ్ఛకు భంగమని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2020లో తీర్పునిచ్చింది.

2023 అక్టోబర్ 7న హమాస్ నాయకత్వంలో జరిగిన దాడిలో సుమారు 1,200 మంది మరణించారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో వేలాది పాలస్తీనీయులు ప్రాణాలు కోల్పోయారు, అక్కడి విశ్వవిద్యాలయాలు ధ్వంసమయ్యాయి లేదా దెబ్బతిన్నాయి. దీంతో ఈ చర్చ మరింత తీవ్రమైంది. ఏళ్ల తరబడి విద్యా బహిష్కరణలన్నింటినీ వ్యతిరేకించిన అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం 2024 ఆగస్టులో, కొన్ని పరిస్థితుల్లో అవి సమంజసమేనని తన వైఖరి మార్చుకుంది.

14.8 వాదనలను తూచడం

సమర్థకుల వాదన ఇది. బహిష్కరణ అహింసా మార్గం. దశాబ్దాల చర్చలు ఆక్రమణను ఆపలేదు. అణచివేతకు తోడ్పడే సంస్థలతో మామూలుగా వ్యవహరించడమే ఒక పక్షం వహించడం.

విమర్శకుల వాదన ఇది. ప్రపంచంలో ఎన్నో దేశాలు తప్పులు చేస్తుండగా ఇజ్రాయెల్‌నే ఎంచుకోవడం అన్యాయం. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో నాజీలు యూదుల దుకాణాలను బహిష్కరించారు. ఆ జ్ఞాపకం ఉన్న జాతికి ఈ మాట మామూలు రాజకీయ నినాదంగా వినిపించదు. పైగా దెబ్బ తగిలేది సైన్యానికి కాదు, ప్రభుత్వాన్ని ప్రశ్నించే అధ్యాపకులకు. అక్కడ రాజ్యం యూదులపై చేసిన దాడికీ, ఇక్కడ హక్కులు కోరుతూ పౌరులు చేసే నిరసనకూ పోలిక లేదని సమర్థకులు బదులిస్తారు.

పరీక్షల్లో చాలామంది విద్యార్థులు ఈ ప్రశ్నకు ‘పాలస్తీనీయులు బహిష్కరణను కోరారు, ఇజ్రాయెలీలు వద్దన్నారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పై ఉదాహరణలను మళ్లీ చూడండి. వద్దన్నవారిలో పాలస్తీనీయుడైన నుసైబే ఉన్నారు. కోరినవారిలో యూదు కుటుంబీకుడైన రోజ్ ఉన్నారు. చరిత్ర విద్యార్థిగా మీరు మొదట అడగవలసింది ‘ఎవరి పక్షం’ అని కాదు. బహిష్కరణ వ్యక్తి మీదా, సంస్థ మీదా? మొత్తం దేశం మీదా, సెటిల్‌మెంట్ల మీదా? పిలుపు ఎవరిది? దాని వల్ల నష్టపోయేదెవరు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం రాబట్టిన తర్వాతే మీ తీర్పు చెప్పండి. అప్పుడు ఆ తీర్పు ఏదైనా సరే, దానికి ఆధారం ఉంటుంది.

14.9 సారాంశం

ఆయుధం లేనివారు ఉపయోగించే ఒత్తిడి సాధనం బహిష్కరణ. దక్షిణాఫ్రికా అనుభవం ఈ ఉద్యమానికి ఆదర్శంతోపాటు వ్యక్తి–సంస్థ అనే చిక్కునూ అందించింది. 2002 లేఖతో బ్రిటన్‌లో మొదలై, 2004–05లో పాలస్తీనీయుల సొంత పిలుపుగా మారి, ఆ తర్వాత అమెరికా సంఘాలకు, సంగీత వేదికలకు ఇది విస్తరించింది. దీన్ని అడ్డుకునే చట్టాలు, రక్షించే తీర్పులు రెండూ వచ్చాయి. ఒకరి విద్యా స్వేచ్ఛను కాపాడటం కోసం మరొకరి విద్యా స్వేచ్ఛకు ఎంత దూరం పరిమితి పెట్టవచ్చన్న ప్రశ్న ఇంకా తేలలేదు.

14.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విద్యా, సాంస్కృతిక బహిష్కరణపై అనుకూల, ప్రతికూల వాదనలను ఉదాహరణలతో పరిశీలించండి.
2. దక్షిణాఫ్రికా బహిష్కరణతో ఇజ్రాయెల్ బహిష్కరణ ఉద్యమాన్ని పోల్చండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 2005లో బ్రిటన్ అధ్యాపకుల సంఘం తీర్మానం, దాని రద్దు.
2. అరియెల్ సాంస్కృతిక కేంద్రం వివాదం.