ఉద్దానం కొబ్బరి: చెట్టు మొదట్లో బంక కారుతోందా..? ఆలస్యం చేస్తే తోటంతా ముప్పే!

ఉద్దానం అనగానే గుర్తొచ్చేది కొబ్బరి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో కుటుంబాలకు కొబ్బరి దింపే ఆధారం. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. గాలికి పడిన చెట్టు అందరికీ కనిపిస్తుంది. నేలలో వేరు కుళ్లుతున్న చెట్టు మాత్రం చాలాకాలం పచ్చగానే ఉంటుంది. అదే గానోడెర్మా తెగులు.

ఎందుకొస్తుంది?

ఇది నేలలో ఉండే శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. తీరంలోని ఇసుక నేలల్లో, ఎరువు, నీరు సరిగా అందని తోటల్లో ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా పదేళ్లు దాటిన చెట్లకు సోకుతుంది. చచ్చిన చెట్ల మొద్దులు, కుళ్లిన వేళ్లలో ఈ శిలీంధ్రం ఏళ్ల తరబడి బతుకుతుంది. అక్కడి నుంచి వేళ్ల ద్వారా, పారే నీటి ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో 1952 తుపాను తర్వాతే ఇది తీవ్రంగా బయటపడింది. అందుకే దీనికి తంజావూరు తెగులు అనే పేరూ ఉంది. తుపానుకు విరిగిన చెట్ల మొద్దులను తోటలోనే వదిలేసిన రైతులు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఎలా గుర్తించాలి?

* కాండం మొదట్లో పగుళ్ల నుంచి ఎర్రటి గోధుమ రంగు బంక కారుతుంది. క్రమంగా ఇది పైకి పాకుతుంది.
* కింది మట్టలు పసుపు రంగుకు తిరిగి, వడలిపోయి కాండం చుట్టూ వేలాడతాయి.
* కొత్త మట్టలు చిన్నవిగా వస్తాయి. పూత, పిందె రాలి కాపు తగ్గిపోతుంది.
* తవ్వి చూస్తే వేళ్లు చాలావరకు కుళ్లి ఉంటాయి.
* చివరి దశలో మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగులు వస్తాయి.

లక్షణాలు కనిపించాక చెట్టు ఆరు నెలల నుంచి నాలుగైదేళ్లలో చనిపోతుంది. పుట్టగొడుగు వచ్చేదాకా ఆగితే ఆ చెట్టు దక్కడం కష్టం. బంక కనిపించిన రోజే పని మొదలుపెట్టాలి. కాండం మధ్యలో, పైన ఎక్కడో బంక కారుతుంటే అది వేరే తెగులు కావొచ్చు. మందు కొనే ముందు నిర్ధారించుకోవాలి.

ఏం చేయాలి?

* చనిపోయిన చెట్లను మొద్దు, వేళ్లతో సహా తవ్వి తీసి కాల్చేయాలి. నరికి మొదలు వదిలేస్తే లాభం లేదు.
* తెగులు సోకిన చెట్టుకు 4 అడుగుల దూరంలో చుట్టూ అడుగు వెడల్పు, 2 అడుగుల లోతు కందకం తీయాలి.
* ఒక చెట్టు పాదు నుంచి మరో పాదుకు నీరు పారనివ్వకూడదు. ప్రతి చెట్టుకూ విడిగా తడి ఇవ్వాలి. వేళ్లు తెగేలా లోతుగా దున్నకూడదు.
* ఏటా చెట్టుకు 50 కిలోల పశువుల ఎరువుతో పాటు, 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి పాదులో వేయాలి. తేమ ఆరకుండా చూడాలి.
* తెగులు సోకిన చెట్టు పాదు బాగా తడిసేలా 40 లీటర్ల ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీటితో ఇది తయారవుతుంది. ఇనుప పాత్రలు వాడొద్దు.
* బోర్డో మిశ్రమం, ట్రైకోడెర్మా ఒకేసారి వేయకూడదు. మందు దెబ్బకు మేలు చేసే శిలీంధ్రమూ చచ్చిపోతుంది.
* 100 మి.లీ. నీటికి 1 మి.లీ. చొప్పున హెక్సాకొనజోల్ కలిపి, మూడు నెలలకోసారి వేరు ద్వారా ఎక్కించాలి. పెన్సిల్ మందమున్న బతికిన వేరును ఏటవాలుగా కోసి, మందున్న ప్లాస్టిక్ సంచిలో ముంచి కట్టాలి. అంతకుముందే దింపు తీసేయాలి. తర్వాత 45 రోజుల వరకు కాయలు కోయొద్దు.

తోటలో అరటిని అంతర పంటగా వేసుకుంటే తెగులు ఉధృతి తగ్గుతుంది. జనుము లాంటి పచ్చిరొట్ట వేసి కలిపితే ఇసుక నేలకు సత్తువ వస్తుంది.

కొత్త మొక్క నాటే ముందు..

చెట్టు పోయిన గుంతలోనే వెంటనే మొక్క పెట్టడం చాలామంది చేసే పొరపాటు. పాత వేళ్లు ఏరేసి, వేపపిండి, ట్రైకోడెర్మా కలిపిన ఎరువుతో గుంత నింపాకే నాటాలి. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. పడిపోయిన తోటను మళ్లీ నిలబెట్టుకుంటున్న రైతుకు ఇంకోసారి అన్నేళ్లు ఎదురుచూడటం అయ్యే పని కాదు. ఒక్క చెట్టుకు బంక కనిపించినా దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో గానీ, ఉద్యాన అధికారికి గానీ చెప్పాలి. చుట్టుపక్కల తోటల వాళ్లూ కలిసి చర్యలు తీసుకుంటేనే ఫలితం ఉంటుంది. తెగులుకు గట్టు అడ్డం కాదు.