పందెం మీది, ఆట వాళ్లది

రైలు పరుగెడుతోంది. కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది. పెట్టె నిండా సిగార్ పొగ. బల్ల చుట్టూ ఖరీదైన సూట్లలో పెద్దమనుషులు, మధ్యలో చిప్స్ కుప్ప. 1936 సెప్టెంబరు. న్యూయార్క్ నుంచి షికాగోకు పోయే ట్వెంటియత్ సెంచరీ లిమిటెడ్‌లో ఉన్నారు మీరు. మీ పేరు డోయల్ లోనెగన్.

మీరు మంచివారు కారు. పైకి బ్యాంకరు. లోపల షికాగో దాకా మీ చీకటి లాటరీలు నడుస్తుంటాయి. మొన్నీమధ్య జోలియట్ అనే ఊళ్లో ముగ్గురు చిల్లర మోసగాళ్లు మీ లాటరీ డబ్బు మోసే మనిషిని బోల్తా కొట్టించి 11,000 డాలర్లు కాజేశారు. మీ ఆస్తికి అది ఓ మూలకు రాదు. అయినా చంపమన్నారు. లూథర్ కోల్‌మన్ అనే నల్లజాతి పెద్దాయన, ఇక ఈ పనులు మానేసి నెమ్మదిగా బతుకుదామని అప్పుడే నిర్ణయించుకున్నవాడు, మీ మాట మీద చచ్చిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న జానీ హుకర్ అనే కుర్రాడు మాత్రం తప్పించుకున్నాడు. వాడి కోసం మీవాళ్లు ఊరంతా గాలిస్తున్నారు. వాడి ముఖం మీరు ఎప్పుడూ చూడలేదు.

వాడు ఇదే రైల్లో ఉన్నాడు.

తలుపు తెరుచుకుంటుంది. ఒకడు తూలుకుంటూ లోపలికొస్తాడు. చేతిలో జిన్ సీసా, గడ్డం మాసి ఉంది, మెడకు టై లేదు. షికాగోలో గుర్రప్పందేల షాపు నడిపే బుకీనంటాడు. ఈ బల్ల దగ్గర టై కట్టుకోవడం మర్యాద అని మీరు గుర్తుచేస్తారు. టై తెప్పించి ఇస్తారు. వాడు దాంతోనే ముక్కు చీదుకుంటాడు. మీ పేరు పలకమంటే ప్రతిసారీ తప్పే పలుకుతాడు. మీ దవడ బిగుసుకుంటుంది. మందు ముట్టని మనిషి మీరు. తాగినవాడి చేతిలో ఓడిపోవడం మీకు చావుతో సమానం.

సీసాలో జిన్‌ని నీళ్లు పోసి పలచన చేశారని మీకెలా తెలుస్తుంది? జిన్‌కు రంగుండదు. నీళ్లు కలిపినా అలాగే మెరుస్తుంది. వాడు అందుకే జిన్ తాగుతున్నాడు. వాడి అసలు పేరు హెన్రీ గాండార్ఫ్. దేశం మొత్తంలో పెద్దపెద్ద మోసాలు నడపడంలో వాణ్ని మించినవాడు లేడని లూథరే చనిపోకముందు హుకర్‌ని వాడి దగ్గరికి పొమ్మన్నాడు.

ఆట సాగుతుంది. మీ ముందున్న చిప్స్ తగ్గిపోతున్నాయి. విరామంలో మీ అంగరక్షకుణ్ని పిలిచి పేక మార్చమంటారు. ముక్కలు ముందే అమర్చిన పేక. వాడికి నాలుగు మూడ్లు పడాలి, మీకు నాలుగు తొమ్మిదులు. ఇదేం కొత్త కాదు మీకు. ఈ రైల్లో మీరు ఎప్పుడూ ఇలాగే గెలుస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. లేచిపోవచ్చు. వద్దనుకుంటే ఇక్కడితో అయిపోతుంది.

మీరు లేవరు. ముక్కలు పంచుతారు. పందెం పెంచుతారు. వాడూ పెంచుతాడు. మీ నాలుగు తొమ్మిదులు బల్ల మీద పరుస్తారు. చెయ్యి చిప్స్ వైపు చాస్తారు.

వాడు నాలుగు జాకీలు పరుస్తాడు.

చెవుల్లో రక్తం పోటెత్తుతుంది. వాడికి మీరు వేసినవి మూడ్లు. మీరే వేశారు. కానీ ఏమని అరుస్తారు? నేను మోసం చేస్తుంటే వీడు నాకంటే బాగా మోసం చేశాడని నలుగురి ముందు చెప్పగలరా? 15,000 డాలర్లు బాకీ. జేబులోకి చెయ్యి పెడతారు. పర్సు లేదు.

అందరూ చూస్తున్నారు.

కాసేపటికి మీ గదికి ఒక కుర్రాడు వస్తాడు, బాకీ వసూలుకు. నీలికళ్లు, కొత్త సూటు. పేరు కెల్లీ అంటాడు. మీ పర్సు మీ చేతిలో పెడతాడు. మా యజమాని ఒకామె చేత కొట్టేయించాడు, వాడితో నాకు విసుగెత్తిపోయింది, వాణ్ని దించేద్దాం, మీరు సాయం చేయండి అంటాడు. మీవాడు తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క సైగ చాలు.

ఈ కుర్రాడే హుకర్. మీరు చంపమన్న కుర్రాడు ఎదురుగా నిలబడి మీ కళ్లలోకి చూస్తున్నాడు. సైగ చేయరు మీరు. చేయనివ్వనిది మీ కోపమే.

1973లో జార్జ్ రాయ్ హిల్ తీసిన ‘ది స్టింగ్’లో మనం సాధారణంగా ఆ ఇద్దరు అందగాళ్ల పక్కన నిలబడతాం. గాండార్ఫ్‌గా పాల్ న్యూమన్, హుకర్‌గా రాబర్ట్ రెడ్‌ఫర్డ్. ఎవరైనా అటే వెళతారు. నేను మిమ్మల్ని ఇటువైపు కుర్చీలో కూర్చోబెట్టడానికి కారణం ఉంది. డేవిడ్ వార్డ్ రాసిన ఆ స్క్రీన్‌ప్లే ఎంత గట్టిదో ఈ కుర్చీలోంచే తెలుస్తుంది. ఇక్కడ కూర్చుని ఏ నిర్ణయం తీసుకున్నా అది మీ సొంత తెలివే అనిపిస్తుంది.

షికాగో. ఆ కుర్రాడు చెప్పినట్టే మందుల షాపులో టెలిఫోన్ పక్కన కూర్చున్నారు. మోగుతుంది. అవతలి గొంతు ఒక గుర్రం పేరు చెప్పి పెట్టేస్తుంది. మీరు వీధి దాటి ఆ తాగుబోతు పందేల షాపులోకి దిగుతారు. నడుస్తుంటే కాలు లాగుతుంది. ఈ కుంటు ఎక్కడిదంటారా? కథలోది కాదు. మీ వేషం వేసిన రాబర్ట్ షాకు షూటింగ్‌కు ముందు నిజంగానే కాలికి గాయమైంది. దాన్ని దాచకుండా పాత్రలోనే కలిపేశారు. మీకు ఆ నొప్పి బాగా కుదిరింది. ప్రతి మెట్టూ మిమ్మల్ని ఇంకాస్త చిరాకుపెడుతుంది.

లోపల జనం. గోడ మీద బోర్డు, దాని మీద సుద్దతో రాసిన అంకెలు. లౌడ్‌స్పీకర్‌లో రేసు వర్ణన. కౌంటర్ దగ్గర నోట్లు లెక్కపెడుతున్నారు. ఎవడో గెలిచి గంతులేస్తాడు. ఎవడో ఓడి కాగితం చింపేస్తాడు. గదిలో మీరు, మీ అంగరక్షకుడు తప్ప నిజమైనవాళ్లు ఒక్కరూ లేరు. బల్లలు, కుర్చీలు, టిక్కెట్లు, జనం, అన్నీ మీ ఒక్కరి కోసం కుదిర్చారు. వాళ్లలో చాలామందికి లూథర్ తెలుసు.

మీరు చెప్పిన గుర్రం గెలుస్తుంది.

ఎలా గెలిచిందన్నది మీకు రావలసిన అనుమానమే. కుర్రాడు చెబుతాడు. దూరపు ఊళ్లలో జరిగే రేసుల ఫలితాలు బుకీలకు తంతి మీద వస్తాయి. వెస్టర్న్ యూనియన్ తంతి ఆఫీసులో నా మనిషి ఉన్నాడు. వాడు ఫలితాన్ని కాసేపు ఆపి, ముందు మనకు ఫోన్ చేస్తాడు. అయిపోయిన రేసు మీద మనం పందెం కడతాం. ఒకప్పుడు నిజంగా వాడుకలో ఉన్న ఎత్తే ఇది. మీరు నమ్మడానికి మరో కారణమూ ఉంది. అందులో మీరే మోసగాడు. మోసం చేస్తున్నవాడికి తాను మోసపోతున్నానన్న ఊహ రాదు.

అయినా మీరు తెలివైనవారు. తంతి ఆఫీసులో ఆ మనిషిని చూపించమంటారు. చూపిస్తారు. నిజమైన వెస్టర్న్ యూనియన్ ఆఫీసు, నిజమైన గుమాస్తాలు, టకటకమనే యంత్రాలు. మేనేజరు గదికి రంగులు వేస్తున్నారు. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి చెయ్యి కలుపుతాడు. ఆ రంగులవాళ్లలో తనూ ఒకడై ఇప్పుడే లోపల దూరాడన్నది మీ కంట పడదు.

ఇంకోసారి పరీక్షిస్తానంటారు. ఈసారి మూడు గుర్రాల పేర్లు, వరుసతో సహా. ఫోన్ వస్తుంది. పరుగున వెళతారు. కౌంటర్ దగ్గర మీ ముందు ఒకడు నింపాదిగా మాట్లాడుతుంటాడు. జరగమంటారు. జరగడు. మీ వంతు వచ్చేసరికి కిటికీ మూసేస్తారు. రేసు మొదలైపోతుంది. ఆ మూడు గుర్రాలూ ఆ వరుసలోనే వస్తాయి. డబ్బు మీ చేతిలోనే ఉండిపోయింది.

ఈ కిటికీ దగ్గర మిమ్మల్ని ఇంకాసేపు నిలబెట్టాలని ఉంది. ఈ సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఎత్తు ఇదే. గెలిపిస్తే మీరు లెక్క వేసుకునేవారు, నెమ్మదించేవారు. గెలుపు కళ్ల ముందునుంచి జారిపోయింది గనక ఇక మీకు నిద్ర పట్టదు. వాళ్లు ఒక్క పైసా ఇవ్వకుండానే మీ అనుమానం తీరిపోయింది.

చివరి రోజు.

మీ చేతిలో పెట్టె. పెట్టెలో 5,00,000 డాలర్లు. ఫోన్ మోగుతుంది. లక్కీ డాన్ అనే గుర్రం, ప్లేస్ చెయ్యి అంటాడు. పెట్టేస్తాడు.

కౌంటర్ దగ్గరికి వెళతారు. గుమాస్తా జంకుతాడు. ఇంత పందెం మా వల్ల కాదంటాడు. యజమాని వస్తాడు. కాదంటాడు. రైల్లో మిమ్మల్ని అవమానించిన ముఖం అది, ఇప్పుడు చెమట పట్టి ఉంది. పిరికివాడివని అందరి ముందు వెక్కిరిస్తారు. ఒప్పుకుంటాడు. మీకు ఎంత తృప్తి! లక్కీ డాన్ గెలుస్తుందని మొత్తం కట్టేస్తారు.

కూర్చుంటారు. రేసు మొదలు.

తంతి ఆఫీసు పెద్దమనిషి పక్కకొచ్చి కూర్చుంటాడు. అంతా సరిగ్గా అయిందా అంటాడు. గెలుపు మీద కట్టానంటారు.

ఆయన ముఖం పాలిపోతుంది.

మలక్‌పేట రేసులకు వెళ్లేవాళ్లకు విన్ వేరు, ప్లేస్ వేరు అని వెంటనే తెలుస్తుంది. మీకు డబ్బు పెట్టమన్నట్టే వినిపించింది. ఆయన చెప్పింది ఆ గుర్రం రెండో స్థానంలో వస్తుందని.

లేస్తారు. కాలు లాగుతుంది. కిటికీ మీద కొడతారు. పొరపాటు. డబ్బు ఇచ్చేయండి. నా డబ్బు.

తలుపు బద్దలవుతుంది. ఎఫ్‌బీఐ. తుపాకులు. చేతులు పైకి. అధికారి ఆ కుర్రాడి వైపు తిరిగి నువ్వు పోవచ్చు అంటాడు. పట్టించింది వాడే. గాండార్ఫ్ చూస్తాడు. తుపాకీ తీస్తాడు. పేలుస్తాడు. కుర్రాడు పడిపోతాడు. మరో దెబ్బ. గాండార్ఫ్ పడిపోతాడు. రక్తం.

ఎవడో మీ చెయ్యి పట్టి లాగుతున్నాడు. స్నైడర్ అనే డిటెక్టివ్. బయటికి. త్వరగా. నా డబ్బు లోపల ఉంది. అక్కడ శవాలు కూడా ఉన్నాయి. శవాల పక్కన మీరు కనపడకూడదు. మెట్లు. వీధి. కారు.

ఇక మీరు లోనెగన్‌లోంచి బయటికి రండి. మళ్లీ ఆ గదిలోకి పదండి. ఆయన రాలేడు, మీరు రాగలరు.

నేల మీద పడి ఉన్న హుకర్ కళ్లు తెరుస్తాడు. గాండార్ఫ్ కూడా లేస్తాడు. రక్తం ఉత్తుత్తిది, తూటాలు ఉత్తుత్తివి, ఎఫ్‌బీఐ అధికారి కూడా వాళ్ల ముఠా మనిషే. చూసేవాళ్లకూ ఆ సంగతి ఇప్పుడే తెలుస్తుంది. అంతకుముందు ఎఫ్‌బీఐ హుకర్‌ని పట్టుకుని గాండార్ఫ్‌ని పట్టివ్వమని బెదిరించే సన్నివేశాలు చూపించి, వీడు గురువుని అమ్మేస్తున్నాడా అని మనల్ని లోలోపల కుమిలిపోయేలా చేసింది ఈ సినిమా. మొదటిసారి చూసినప్పుడు ఆ తుపాకీ మోతకు నా గుండె ఆగినంత పనైంది.

మన సినిమాల్లో పగ తీర్చుకునేవాడు తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పి మరీ చంపుతాడు. ఎదుటివాడికి తెలియకపోతే అది పగ ఎలా అవుతుందని మన నమ్మకం. గాండార్ఫ్ పెట్టిన షరతు దానికి పూర్తిగా వ్యతిరేకం. డబ్బు పోయాక కూడా తనను దోచుకున్నారని లోనెగన్‌కు ఎన్నటికీ తెలియకూడదు. తెలిస్తే వెంటాడి చంపుతాడు. అందుకే లూథర్ పేరు ఆ గదిలో ఎవరూ ఎత్తరు. హుకర్ తన వాటా డబ్బు కూడా తీసుకోడు. ఇలాంటి పగ ఎంత కష్టమో! అరిచి చెప్పుకోవడానికి లేదు. చనిపోయిన మనిషిని తలుచుకుని నోరు మూసుకుని నడిచిపోవాలి. ఈ నిగ్రహమే ఈ హాస్యచిత్రానికి అంత బరువు తెచ్చిందని నా నమ్మకం.

ఈ సినిమాకు 10 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, 7 గెలిచింది. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే అందులో ఉన్నాయి. స్కాట్ జాప్లిన్ పాత పియానో బాణీలను సినిమాకు మలిచినందుకు మార్విన్ హామ్లిష్‌కూ వచ్చింది. రెడ్‌ఫర్డ్‌కు ఉత్తమ నటుడిగా నామినేషన్ దక్కింది. రాబర్ట్ షాకు నామినేషన్ కూడా లేదు. ఇది అన్యాయం. ఆయన ఒక్క క్షణం కూడా వెర్రివాడిలా కనిపించి ఉంటే ఆ మోసం మొత్తం కూలిపోయేది. ఇప్పటికే చూసినవాళ్లు మరోసారి చూడండి. ఈసారి న్యూమన్‌నీ రెడ్‌ఫర్డ్‌నీ వదిలేసి, మొదటి నుంచి చివరిదాకా రాబర్ట్ షా ముఖమే చూడండి.