ఫైసలా అయింది, అమలు కాలేదు

2020 సెప్టెంబర్ 7, సోమవారం. గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) దగ్గరున్న భూ రికార్డులన్నీ మధ్యాహ్నం మూడు గంటల్లోగా తహసీల్దార్లకు చేరాలని ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశం. సాయంత్రానికల్లా కలెక్టర్లు నివేదిక పంపాలి. రాష్ట్రమంతటికీ ఇచ్చిన ఆదేశం కాబట్టి మెదక్ జిల్లాలోని మా రేగోడ్ మండలానికీ అదే గడువు. పహాణీలు, ఫైసల పట్టీలు, 1-బి రిజిస్టర్లు ఊళ్లు వదిలి మండల ఆఫీసులకు కదిలాయి. మర్నాటి నుంచి రిజిస్ట్రేషన్లు బంద్.

9న కొత్త ఆర్.ఓ.ఆర్. బిల్లు శాసనసభ ముందుకొచ్చింది. అదే రోజు మెదక్ కలెక్టరేట్‌లో కలకలం. నర్సాపూర్ మండలం చిప్పల్‌తుర్తిలో 112 ఎకరాల భూమికి ఎన్‌ఓసీ ఇచ్చేందుకు ఎకరాకు లక్ష చొప్పున కోటీ 12 లక్షల లంచం అడిగారన్న ఆరోపణపై అదనపు కలెక్టర్‌ను ఏసీబీ అరెస్టు చేసింది. రికార్డులో ఒక్క మాట మారితే ఎంత విలువో జిల్లాకు ఇంకొకరు చెప్పనక్కర లేకపోయింది.

11న బిల్లుకు శాసనసభ ఆమోదం. అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భూ రికార్డుల పోర్టల్ ధరణిని ప్రారంభించారు. వీఆర్వో వ్యవస్థ పోయింది.

ఇంతకీ వీఆర్వోలు అప్పగించిన ఆ రికార్డుల కట్టల్లో ఏముంది? పాత పహాణీని దిద్దేవారు కాదు, ఏటా కొత్తది రాసేవారు. నిరుటి పహాణీ ఎదురుగా పెట్టుకుని, ఫైసల పట్టీలో మంజూరైన ఫౌతి, విరాసత్, కొనుగోలు మార్పులు చూసుకుంటూ ఒక్కో సర్వే నంబరూ ఎక్కించేవారు. పట్టీలో ఉన్న మార్పు పహాణీలోకి ఎక్కకపోతే ‘ఫైసలా అయింది, అమలు కాలేదు’ అనేవారు. హుకుం చేతిలో ఉన్నా పొలం పాత పేరు మీదే నడిచేది.

కంప్యూటర్‌లో వెతుకులాటకు వాడే సూచికలదీ (సెర్చ్ ఇండెక్స్) సరిగ్గా ఇదే పద్ధతి. డగ్ కటింగ్ 1999లో రాసిన లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్, దాని మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చ్ దాచిన పత్రాన్ని ఉన్నచోట దిద్దవు. పాతదానికి ‘తొలగించాం’ అని గుర్తు పెట్టి, మొత్తం పత్రాన్ని మళ్లీ కొత్తగా చేరుస్తాయి. కొత్తది వెతికితే దొరకడానికి ఎలాస్టిక్‌సెర్చ్‌కు మామూలుగా ఒక సెకను చాలు. మన దగ్గర ఆ సెకను కొందరికి ఏళ్లకేళ్లు సాగింది, అది వేరే సంగతి. అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. అదే నంబరుతో పత్రాన్ని పూర్తిగా తిరిగి చేర్చేటప్పుడు ఒక గడి వదిలేస్తే, పాతదాంట్లో ఉన్న ఆ గడి కొత్తదాంట్లో ఉండదు. తప్పు జరిగిందని యంత్రం కేక వేయదు.

ధరణి ఏ సాఫ్ట్‌వేర్‌తో నడిచినా జరిగింది మాత్రం ఇదే. 2017 సెప్టెంబర్ 15న మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో ఎక్కిందే అసలు రికార్డుగా నిలిచింది. పహాణీలో ఏళ్లుగా ఉన్న అనుభవదారు కాలమ్ మాయమైంది. విస్తీర్ణం తగ్గినవాళ్లు, సర్వే నంబరే కనపడనివాళ్లు మీసేవ మెట్లెక్కారు. ‘సారూ, పొలం దున్నుతున్న, కంప్యూటర్ల లేదంటున్నరు’ అన్న గోడు వినని మండలం లేదు. సవరణకు టీఎం-33 అనే దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది, అది కలెక్టర్ దాకా వెళ్లాల్సి ఉండేది. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ ఆ అధికారాల్లో కొన్ని తహసీల్దార్లకు, ఆర్డీవోలకు దిగిరాలేదు. ఊళ్లో రికార్డు తెలిసిన మనిషిని తీసేసి, తప్పు దిద్దే పనిని జిల్లా కేంద్రంలో పెట్టడం తెలివైన పని కాదనే నా అభిప్రాయం.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. ధరణికి ఆధారమైన 2020 ఆర్.ఓ.ఆర్. చట్టంలో లేని అప్పీలు దారి ఇందులో ఉంది. ఆ జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు.

రేగోడ్ రైతులకు ఒక మాట. 2016 అక్టోబర్ దాకా మన మెదక్ జిల్లా కేంద్రం సంగారెడ్డి. పక్క మండలాలు కొన్ని కొత్త సంగారెడ్డి జిల్లాలోకి పోయినా మన మండలం మెదక్‌లోనే ఉంది. భూభారతి పోర్టల్‌లో మెదక్ జిల్లా కింద మీ సర్వే నంబరు, బై నంబరు, విస్తీర్ణం ఒకసారి తీసి చూడండి. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి పాత పహాణీల సర్టిఫైడ్ నకళ్లు తీసుకుని పక్కన పెట్టి సరిపోల్చండి. తేడా కనబడితే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. అంతటితో ఆగొద్దు. ఆర్డరు వచ్చాక మళ్లీ వెతికి చూడండి, అమలైందో లేదో.