పదిహేడు ఆటలు, రెండు ఊళ్ళు

ఆర్కేడ్ ఆట పుట్టుకతోనే ఒంటరిది. కాయిన్ వేసేవాడు ఒక్కడు, జాయ్‌స్టిక్ పట్టుకునేవాడు ఒక్కడు, చివర్లో మూడక్షరాల పేరు కొట్టుకునేవాడూ ఒక్కడే. వెనకాల నిలబడ్డ పదిమందీ చూసేవాళ్ళు, లేదా వీడు ఎప్పుడు చస్తాడా అని ఎదురుచూసేవాళ్ళు. ఇలాంటి ఆటకి "మా జట్టు, మీ జట్టు" అనేది ఎలా అతికించారు అన్నది కొన్నాళ్ళుగా నన్ను పట్టుకున్న ప్రశ్న. కారణం ఉంది. విజయవాడలో ఒకే వీడియో గేమ్ షాపులో పాకెట్ మనీ తగలేసిన మా గుంపులో ఇప్పుడు ముగ్గురం ఫ్రిస్కో చుట్టుపక్కల ఉన్నాం, నలుగురు హైదరాబాదులో ఉన్నారు. వాట్సాప్‌లో పండగ శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. ఇటూ అటూ ఒక పోటీ పెట్టుకుందాం అని ఎవరో అన్నారు, నిర్వహణ నా నెత్తిన పడింది. నియమాలు రాయడానికి కూర్చుని, నాకంటే ముందు ఈ పని చేసినవాళ్ళెవరా అని వెతుక్కుంటూ వెళ్ళాను.

చిత్రమేమిటంటే, జట్టు మొదటినుంచీ ఉంది. 1972 అక్టోబర్ 19న స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలలో 'స్పేస్‌వార్' ఆట మీద ఒక పోటీ జరిగింది. వీడియో గేమ్ పోటీల చరిత్ర ఎవరు రాసినా దాదాపు అక్కడినుంచే మొదలుపెడతారు. దాన్ని సరదాగా 'ఒలింపిక్స్' అన్నారు. బహుమతి రోలింగ్ స్టోన్ పత్రికకి ఏడాది చందా. అందులో ఎవరికి వారే ఆడే పోటీతో పాటు, ఇద్దరేసి జట్టుగా ఆడే పోటీ కూడా ఉంది. అయితే అందరూ ఒకే గదిలో, ఒకే పెద్ద కంప్యూటర్ ముందు ఉన్నారు. ఎవరు గెలిచారన్నది కళ్ళముందే తేలిపోతుంది. దూరం వచ్చాకే అసలు చిక్కు.

ఆ చిక్కు విప్పినవాడు వాల్టర్ డే. 1981 వేసవిలో ఈయన వందకు పైగా ఆర్కేడ్లు తిరిగి, ఏ ఆటలో ఎవరి స్కోరు ఎక్కువో పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ఏడాది నవంబర్ 10న అయోవా రాష్ట్రంలోని ఒటమ్వా అనే చిన్న ఊళ్ళో 'ట్విన్ గెలాక్సీస్' అనే ఆర్కేడ్ తెరిచాడు. ఒటమ్వా ఎందుకు అంటే, మనకి తెలిసిన మనిషి ఒకాయన ఈ కథలోకి వస్తాడు. పక్కనే ఉన్న ఫెయిర్‌ఫీల్డ్‌లో మహర్షి మహేశ్ యోగి విశ్వవిద్యాలయం ఉంది. డే ఆ ధ్యాన సంప్రదాయంలోని వాడు. ధ్యానం చేసుకునే మనిషి ప్యాక్‌మ్యాన్ లెక్కలు రాయడమేమిటి అని నాకూ అనిపించింది కానీ, పూసలు లెక్కపెట్టే ఓపికే అది కాబోలు.

1982 ఫిబ్రవరి 9న ఆయన తన పుస్తకాన్ని జాతీయ స్కోరు బోర్డుగా ప్రకటించాడు. దేశం నలుమూలలనుంచీ ఆర్కేడ్ యజమానులు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు: ఫలానా కుర్రాడు మా దగ్గర ఇంత కొట్టాడు, నేను చూశాను, రాసుకోండి. మొత్తం వ్యవస్థ ఆ "నేను చూశాను" మీద నిలబడింది. ఆ ఏడాది నవంబర్ 30న ఒటమ్వా మేయరు తమ ఊరిని ప్రపంచ వీడియో గేమ్ రాజధానిగా ప్రకటించేశాడు. పాతిక వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు! మన దగ్గర ఏ మునిసిపల్ చైర్మనైనా ఇలా ప్రకటిస్తే ప్రతిపక్షం ఊరుకునేదా?

స్కోర్లన్నీ ఒకచోటికి చేరుతున్నాయి గనక డేకి ఇంకో ఆలోచన వచ్చింది. ఆటగాళ్ళని రాష్ట్రాలవారీగా జట్లు కడితే? కాలిఫోర్నియా జట్టు నార్త్ కెరొలైనా జట్టుకి సవాలు విసిరింది. ఎవరి రాష్ట్రంలో వాళ్ళే ఆడారు. మధ్యలో ఒక ఖండం. ఇంటర్నెట్ లేదు. పదిహేడు ఆటలు. నార్త్ కెరొలైనా 10–7 తేడాతో గెలిచింది.

ఈ 10–7 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. జట్టు స్కోరంటే అందరి స్కోర్లూ కూడడమే అని మనకి మొదట తోస్తుంది. కూడి చూడండి. 1982లో స్కాట్ సఫ్రన్ అనే కుర్రాడు 'ఆస్టరాయిడ్స్'లో 4,13,36,440 కొట్టాడు. అదే ఏడాది బిల్లీ మిచెల్ 'డాంకీ కాంగ్'లో కొట్టిన రికార్డు 8,74,300. రెండూ కూడితే రెండోవాడు ఆడినా ఒకటే, ఇంట్లో పడుకున్నా ఒకటే. అందుకని ఆటకి ఒక్క పాయింటు లెక్కన పోటీ నడవాలి. ఆస్టరాయిడ్స్ వీరుడు మూడు రోజులు ఆడినా అతని జట్టుకి వచ్చేది ఒకటే పాయింటు. అప్పుడుగానీ మిగతావాళ్ళకి జట్టులో పని ఉండదు. ఒంటరి ఆటని జట్టు ఆటగా మార్చింది ఈ చిన్న లెక్కే అని నా అభిప్రాయం.

తరవాత కథ వేగంగా సాగి వేగంగానే ముగిసింది. 1983 జులైలో అమెరికా జాతీయ వీడియో గేమ్ జట్టు అని ఒకటి పెట్టి, పాత బస్సు ఒకటి కొనుక్కుని, డే నాయకత్వంలో ఊళ్ళు తిరిగారు. వాషింగ్టన్‌లో జపాన్ రాయబార కార్యాలయానికి వెళ్ళి సవాలు పత్రం ఇచ్చి వచ్చారట. అశ్వమేధం గుర్రాన్ని బస్సులో ఎక్కించినట్టుంది. 1984 మార్చికల్లా ఒటమ్వా ఆర్కేడ్ మూతపడింది. స్కోరు పుస్తకం మాత్రం మిగిలింది.

ఇక మా ఊరి సంగతి. ఫ్రిస్కో అంటే మనవాళ్ళకి కార్యసిద్ధి హనుమాన్ గుడి, కొత్త ఇళ్ళు, బడులు. 1990లో ఆరువేల చిల్లర జనాభా, 2020కి రెండు లక్షలు దాటింది. అయితే ఈ చుట్టుపక్కల ఆటల చరిత్ర చాలానే ఉంది. 1983 జనవరిలో ఒటమ్వాలో జరిగిన పోటీలో గెలిచిన బెన్ గోల్డ్ డాలస్ కుర్రాడే. మనం కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో సార్ కళ్ళు కప్పి ఆడిన 'డేంజరస్ డేవ్' గుర్తుందా? అది రాసిన జాన్ రొమేరో వ్యవస్థాపకుల్లో ఒకడైన ఇడ్ సాఫ్ట్‌వేర్ ఇక్కడి మెస్కీట్‌లోనే 'క్వేక్' తయారుచేసింది. 1996లో ఆ ఆట అభిమానులు పక్కనున్న గార్లండ్‌లో ఒక హోటల్లో ఎవరి కంప్యూటర్లు వాళ్ళు మోసుకొచ్చి కలుసుకున్నారు. అదే క్వేక్‌కాన్. కంపెనీ పెట్టింది కాదు, ఆటగాళ్ళే పెట్టుకున్నది. 2016లో ఫ్రిస్కోలో నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం తెరిచారు. చివర్లో ఎనభైల నాటి ఆర్కేడ్ ఒకటి ఉంది, చీకటిగా, టోకెన్లతో. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ళకి పది నిమిషాల్లో విసుగొస్తుంది, మనకి రాదు. 2019లో కాంప్లెక్సిటీ అనే వృత్తి జట్టు ఇక్కడి 'ద స్టార్' ప్రాంగణంలో తన కేంద్రం పెట్టుకుంది. అక్కడ ఆడేవాళ్ళకి జీతాలు, కోచ్‌లు. మాకు నడుము నొప్పులు.

మా పోటీకి తిరిగొస్తే, హైదరాబాదుతో ఎదురెదురుగా ఆడటం కుదరదని లెక్క వేస్తే తేలింది. రెండు ఊళ్ళ మధ్య సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ తిన్నగా వేసినా, ఇటునుంచి అటు చేరడానికి 70 మిల్లీసెకన్లు. ఆర్కేడ్ ఆట సెకనుకి అరవై బొమ్మలు చూపిస్తుంది కనుక నేను కొట్టిన గుద్దు వాడికి నాలుగు బొమ్మలు ఆలస్యంగా అందుతుంది, వాడి జవాబు నాకు చేరేసరికి ఎనిమిది. 2006లో టోనీ కానన్ తెచ్చిన జీజీపీవో పద్ధతి ఎదుటివాడు ఏం నొక్కుతాడో ఊహించి ఆట నడిపి, తప్పైతే వెనక్కి తిప్పి సరిచేస్తుంది. కానీ ఇంత దూరానికి అది కూడా చెమటోడుస్తుంది. కాబట్టి నార్త్ కెరొలైనా పద్ధతే: ఎవరి ఊళ్ళో వాళ్ళు, అదే ఆట, స్కోర్లు పోల్చుకోవడం.

మరి "నేను చూశాను" అనేదెవరు? 1997లో వచ్చిన మేమ్ అనే ఎమ్యులేటర్‌లో ఒక సదుపాయం ఉంది. మీరు ఏ క్షణాన ఏ మీట నొక్కారో మాత్రమే చిన్న ఫైలుగా రాసుకుంటుంది. ఆ ఫైలు నేను నడిపితే మీ ఆట మొత్తం నా తెర మీద మళ్ళీ జరుగుతుంది. అందరి దగ్గరా ఒకే వర్షన్, ఒకే సెట్టింగులు ఉండాలి, అంతే. డాంకీ కాంగ్ మెషీన్ లోపలి స్విచ్చులతో లైఫ్‌లు మూడు నుంచి ఆరు దాకా మార్చుకోవచ్చు. మా షాపు యజమాని ఈ విద్యలో పండితుడు, పరీక్షల సెలవుల్లో లైఫ్‌లు తగ్గిపోయేవి. (ఆటల హక్కుల గొడవ వేరే వ్యాసం. మా జాబితా చట్టబద్ధంగా కొనదగినవాటితోనే వేశాం.)

పదహారు ఆటలు ఒంటరివి. ఒక్కొక్కరూ కనీసం నాలుగు, ఎక్కువలో ఎక్కువ ఆరు ఆడాలి, ఒక్కడే అన్నీ ఊడ్చుకుపోకుండా. వాళ్ళు తలా నాలుగు, మేము ఆరు, ఐదు, ఐదు. అందరికీ కుదిరేది మాకు శనివారం రాత్రి ఎనిమిది, వాళ్ళకి ఆదివారం పొద్దున్న ఆరున్నర.

పదిహేడోది అందరూ ఒకే మాట అన్నారు: ముస్తఫా. కాప్‌కామ్ వాళ్ళు 1993లో 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని పేరు పెట్టారు పాపం, పసుపు టోపీ వాడి పేరుతో తప్ప మన ఊళ్ళల్లో ఎవరూ పిలవలేదు. ముగ్గురు ఒకే తెర మీద, భుజాలు రాసుకుంటూ ఆడే ఆట. ఒకడి రక్తం అయిపోతుంటే మాంసం ముక్క వాడికి వదిలెయ్యాలి. దాన్ని ఎవడు మింగేశాడన్న దాని మీద షాపు బయట ఎన్ని తగాదాలో! ఇది ఒకే గదిలో ఆడాలని, తలా ఒక్క కాయినే అని నియమం రాశాను.

హైదరాబాదు వాళ్ళకి ఇబ్బంది లేదు, నలుగురిలో ముగ్గురు చాలు. ఇక్కడ మేం ఉన్నదే ముగ్గురం. మిగతా ఇద్దరూ ఒక ఇంటి స్థలం వ్యవహారంలో డబ్బు దగ్గర మాటామాటా అనుకుని నాలుగేళ్ళుగా మాట్లాడుకోవట్లేదు. గుళ్ళో ఎదురైనా ఒకడు ప్రసాదం వరస మారుస్తాడు. ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, శనివారం ఏడున్నరకల్లా మా ఇంటికి రమ్మన్నాను, రెండోవాడు కూడా వస్తున్నాడని చెప్పే పిలిచాను. ఒకడు కాసేపు ఊరుకుని, "ముస్తఫా ఎవడు తీసుకుంటాడు?" అన్నాడు. రెండోవాడు, "టోపీవాడు వాడిదేలే, ఎప్పుడూ వాడిదేగా," అన్నాడు.